మౌస్ పెట్టగానే టచ్‌ప్యాడ్ ఆగాలి, తీయగానే పనిచేయాలి: అందుకు ఏం చేయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు రిజిస్ట్రేషన్ దస్తావేజులు తెలుగులో టైపు చేస్తారు. లాప్‌టాప్‌కు వైర్‌లెస్ మౌస్ పెట్టుకొని పనిచేస్తున్నా, బొటనవేలి మొదలు టచ్‌ప్యాడ్‌కు తగిలి కర్సర్ ఉన్నట్టుండి పై పేరాలోకి దూకుతోంది. చెక్కుబందీలో, అంటే ఆస్తి హద్దుల వివరంలో, పడవలసిన అక్షరాలు అమ్మేవారి ఇంటిపేరు మధ్యలో పడుతున్నాయి. టచ్‌ప్యాడ్‌ను శాశ్వతంగా ఆపేద్దామంటే, మౌస్ వెంట లేని రోజున చేతులు కట్టేసినట్టు అవుతుందని మీ సందేహం. మీ సందేహం సరైనదే. లాప్‌టాప్‌ల మరమ్మతులో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను కనుక, టచ్‌ప్యాడ్ ఆపడం కంటే ఆపిన సంగతి మరిచిపోవడం వల్ల వచ్చే ఇబ్బందులనే ఎక్కువగా చూశానని చెప్పగలను. అందువల్ల ఎక్కడ నొక్కాలో చెప్పడంతో సరిపెట్టకుండా, మౌస్ ఉందని కంప్యూటర్ ఎలా అనుకుంటుందో కూడా వివరంగా రాస్తాను. మీకు ముందుముందు వచ్చే చిక్కులన్నీ అక్కడినుంచే వస్తాయి.

అంతకంటే ముందు ఒక సంగతి తేల్చుకోండి. చేతులు రెండూ లాప్‌టాప్ మీదినుంచి తీసేసి, ఏదీ తాకకుండా ఒక నిమిషం తెర వైపు చూడండి. అప్పుడు కూడా బాణం దానంతట అది కదులుతున్నా, క్లిక్కులు పడుతున్నా, తప్పు మీ బొటనవేలిది కాదు. లాప్‌టాప్‌ను బల్లమీద పెట్టి పక్కనుంచి చూడండి: టచ్‌ప్యాడ్ ఉబ్బెత్తుగా లేచినట్టున్నా, నొక్కితే బిగుసుకుపోయినట్టున్నా, అడుగు పలక బల్లకు సమంగా ఆనకపోయినా, లోపల బ్యాటరీ ఉబ్బి ఉండే అవకాశం ఉంది. చాలా లాప్‌టాప్‌లలో బ్యాటరీ సరిగ్గా టచ్‌ప్యాడ్ కిందనే ఉంటుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీ నిప్పు అంటుకోగల వస్తువు. అప్పుడు టచ్‌ప్యాడ్ ఆపుకొని పని సాగించడం అంటే ప్రమాదాన్ని కప్పిపెట్టడమే. చార్జర్ తీసి, మిషన్ ఆపి, వెంటనే బ్యాటరీ మార్పించండి. ఉబ్బును గుచ్చి తగ్గించాలని మాత్రం ఎవరూ ప్రయత్నించకూడదు.

ఇంకొకటి మన ఇళ్ళలోనూ పాత ఆఫీసుల్లోనూ తరచుగా కనిపించేది. చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే బాణం వణుకుతూ, తీసేయగానే నిలకడగా ఉంటే, ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించాలి. టచ్‌ప్యాడ్ పనిచేసేది వేలు దగ్గరకు వచ్చినప్పుడు దాని ఉపరితలం కింద ఉన్న సన్నని తీగల కెపాసిటెన్సులో వచ్చే స్వల్పమైన మార్పును పసిగట్టి. మూడు కాళ్ళ ప్లగ్గును రెండు కాళ్ళ ఎడాప్టర్‌లోకి దూర్చినా, గోడలో ఎర్తు తీగే లేకపోయినా, లాప్‌టాప్ లోహపు పెట్టె మీదికి చేరే కొద్దిపాటి లీకేజీ ఆ కొలతను గందరగోళపరుస్తుంది. చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమన్నట్టు తెలియడం కూడా దాని గుర్తే. దానికి మందు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంది, సెట్టింగ్స్‌లో లేదు.

ఈ రెండూ కావని తేలితే, ఇక మీ సమస్య అందరి సమస్యే. దీని మూలం లాప్‌టాప్ ఆకారంలోనే ఉంది. 1991లో ఆపిల్ సంస్థ తన పవర్‌బుక్‌లలో కీబోర్డును వెనక్కి జరిపి, ముందు భాగాన్ని అరచేతులు ఆనించుకునే చోటుగా చేసి, నడుమ ఒక ట్రాక్‌బాల్, అంటే బాణాన్ని కదపడానికి వేలితో దొర్లించే బంతి, పెట్టింది. 1994లో వచ్చిన పవర్‌బుక్ 500 వరుసలో ఆ బంతి స్థానంలోకి టచ్‌ప్యాడ్ వచ్చింది. బంతిని దొర్లిస్తేనే కదిలేది, చెయ్యి పక్కన ఆనితే ఊరుకునేది. టచ్‌ప్యాడ్‌కు ఆ విచక్షణ లేదు. అరచెయ్యి ఆనించుకునే చోటూ, తాకితే స్పందించే పలకా ఒకే స్థలంలోకి వచ్చిపడ్డాయి. పైగా పక్కన అంకెల కీలు ఉన్న పెద్ద లాప్‌టాప్‌లలో స్పేస్‌బార్ ఎడమకు జరుగుతుంది. టచ్‌ప్యాడ్ దానితోపాటు జరగకుండా మిషన్‌కు నట్టనడుమ ఉండిపోయినవాటిలో కుడి అరచెయ్యి నేరుగా దానిమీదనే పడుతుంది. ఈసారి లాప్‌టాప్ కొనేటప్పుడు ధర చూసే ముందు దీన్ని చూడమని నా సలహా.

విండోస్ 11 లో చేయవలసింది చెబుతాను. స్టార్టు నొక్కి సెట్టింగ్స్ తెరిచి, ఎడమవైపున ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’ ఎంచుకొని, కుడివైపు కిందికి వెళ్ళి ‘టచ్‌ప్యాడ్’ నొక్కండి. పైనే ‘టచ్‌ప్యాడ్’ అనే వరుసలో ఆన్, ఆఫ్ మీట ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. ఆ వరుస చివర ఉన్న చిన్న బాణాన్ని నొక్కితే వరుస విచ్చుకొని, ‘లీవ్ టచ్‌ప్యాడ్ ఆన్ వెన్ ఎ మౌస్ ఈజ్ కనెక్టెడ్’ అనే గడి కనిపిస్తుంది. చాలామంది ఆ బాణాన్ని గమనించక, సెట్టింగే లేదనుకొని, పై మీటను ఆఫ్ చేసి ఊరుకుంటారు. గడి మాటను కూడా నిదానంగా చదవాలి: ‘మౌస్ తగిలించి ఉన్నప్పుడు కూడా టచ్‌ప్యాడ్‌ను పనిచేయనివ్వు’ అని దాని అర్థం. కనుక మీకు కావలసింది టిక్కు పెట్టడం కాదు, తీసేయడం. విండోస్ 10 లోనూ ఇదే గడి ‘డివైసెస్’ కింద ‘టచ్‌ప్యాడ్’ పేజీలో ఉంటుంది. విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసినా, ఈ పనికి దానివల్ల తేడా ఏమీ రాదు.

ఇది వాడేవారి ఖాతాను బట్టి ఉండే సెట్టింగు. మీ లాప్‌టాప్‌లో మీ సహాయకునికి వేరే లాగిన్ ఉంటే, ఆ లాగిన్‌లోకి వెళ్ళి మళ్ళీ ఒకసారి టిక్కు తీయాలి.

గడిలో టిక్కు తీసిన తరువాత కంప్యూటర్ చూసేది ఒక్కటే: మౌస్ అని తనను తాను చెప్పుకునే పరికరం ఏదైనా తగిలించి ఉందా, లేదా? మీ చెయ్యి మౌస్ మీద ఉందా, మౌస్‌లో బ్యాటరీ ఉందా, అసలు మౌస్ ఆ గదిలోనే ఉందా అన్న సంగతులు దానికి అక్కరలేదు. మీ వైర్‌లెస్ మౌస్‌తో వచ్చిన గోరంత రిసీవర్ యూఎస్‌బీలో ఉన్నంతసేపూ, మౌస్ మీట ఆపేసి సంచిలో పడేసినా, కంప్యూటర్ లెక్కలో మౌస్ ఉన్నట్టే. ఒకసారి ఒక ఉపాధ్యాయురాలు తన లాప్‌టాప్ తెచ్చి, టచ్‌ప్యాడ్ చచ్చిపోయిందనీ, వేరొక దుకాణంలో కొత్తది వేయాలని చెప్పారనీ అన్నారు. పక్కన యూఎస్‌బీలో నల్లటి చిన్న రిసీవర్ ఉంది. దాని మౌస్ పోయి ఆరు నెలలైందట. రిసీవర్ అడ్డం లేదు కదా అని అక్కడే వదిలేశారు. దాన్ని వేళ్ళతో లాగేయగానే టచ్‌ప్యాడ్ లేచి కూర్చుంది. ఆ పూట నేను తీసుకున్న కూలి ఒక కప్పు టీ.

కొన్ని వైర్‌లెస్ కీబోర్డుల రిసీవర్లు ఒక్క కీబోర్డుగానే కాక మౌస్‌గా కూడా తమను నమోదు చేసుకుంటాయి, ఎందుకంటే అదే రిసీవర్‌కు తరువాత మౌస్‌ను కూడా జత చేసుకునే వీలు ఉంటుంది. ఆటల కోసం చేసిన కొన్ని కీబోర్డులూ, బొమ్మలు గీసుకునే పెన్ టాబ్లెట్లూ కూడా ఇంతే. అటువంటిది తగిలించినప్పుడు మౌస్ లేకుండానే టచ్‌ప్యాడ్ ఆగిపోతుంది. ఏ పరికరం మౌస్ వేషం వేసిందో కనుక్కోవడానికి, విండోస్ కీతోపాటు ఎక్స్ నొక్కి, వచ్చిన జాబితాలో డివైస్ మేనేజర్ తెరవండి. ‘మైస్ అండ్ అదర్ పాయింటింగ్ డివైసెస్’ అన్న భాగాన్ని విప్పి, యూఎస్‌బీలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీస్తూ చూడండి. ఏది తీసినప్పుడు అందులో ఒక వరుస మాయమైతే అదే దొంగ.

బ్లూటూత్ మౌస్‌తో కథ తిరగబడుతుంది. కొంతసేపు కదపకపోతే అది బ్యాటరీ ఆదా కోసం నిద్రపోయి, సంబంధం తెంచుకుంటుంది. సంబంధం తెగగానే టచ్‌ప్యాడ్ మేలుకుంటుంది. మీరు దస్తావేజు పాఠాన్ని చూసుకుంటూ పావుగంట ఏకధాటిగా టైపు చేసే మనిషి అయితే, మౌస్‌ను ముట్టుకోని ఆ పావుగంటలోనే మీకు రక్షణ లేకుండా పోతుంది. అందువల్ల నిరంతరం టైపు చేసేవారికి తీగ మౌస్‌గానీ, రిసీవర్ ఉన్న మౌస్‌గానీ మంచిదని నా అభిప్రాయం. రిసీవర్‌లో లోపంగా కనబడే మొండితనమే ఇక్కడ గుణంగా మారుతుంది: మౌస్ నిద్రపోయినా రిసీవర్ మేలుకొనే ఉంటుంది. మీకున్నది రిసీవర్ మౌసే కనుక, బయటికి వెళ్ళేటప్పుడు దాన్ని తీసి మౌస్ అడుగున ఉండే అరలో పెట్టుకోవడం అలవాటు చేసుకుంటే చాలు.

ఇక మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. తెరమీద రెండు కర్సర్లు ఉంటాయి: ఒకటి అటూ ఇటూ తిరిగే బాణం, రెండవది అక్షరాలు పడే చోట మిణుకుమిణుకుమనే నిలువు గీత. బాణం ఎంత కదిలినా మీ పాఠానికి హాని లేదు. గీత దూకాలంటే క్లిక్కు పడాలి. మీ బొటనవేలు చేస్తున్న నష్టమంతా, టచ్‌ప్యాడ్‌ను మెల్లగా తట్టినా క్లిక్కుగా లెక్కించే ఏర్పాటు వల్ల జరుగుతోంది. తెలుగులో ఈ నష్టం ఇంగ్లీషులో కంటే ఎక్కువ. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో పొల్లు కొట్టి, వత్తు కావలసిన హల్లు కొట్టేలోగా గీత దూకితే, ఇక్కడ పొల్లు వేలాడుతూ మిగిలిపోతుంది, అక్కడ సంబంధం లేని మాటలో ఒక హల్లు దిగబడుతుంది. ఇంటిపేర్లనూ ఊరిపేర్లనూ తప్పని చూపించే స్పెల్‌చెక్ మనకు లేదు కాబట్టి, ఆ తప్పు సంతకాలయ్యేదాకా ఎవరి కంటా పడకపోవచ్చు.

కాబట్టి అదే టచ్‌ప్యాడ్ పేజీలో ‘ట్యాప్స్’ అనే భాగం తెరిచి, ‘ట్యాప్ విత్ ఎ సింగిల్ ఫింగర్ టు సింగిల్ క్లిక్’ అన్న గడిలో టిక్కు తీసేయండి. అప్పటినుంచి తడితే క్లిక్కు పడదు. టచ్‌ప్యాడ్‌ను కింది అంచున నొక్కితేనే పడుతుంది. మౌస్ లేని రోజున కూడా మీకు రక్షణ ఇచ్చే పద్ధతి ఇది, అందుకే నేను ఎవరికైనా ముందు దీన్నే చేసి ఇస్తాను. అక్కడే సెన్సిటివిటీ నాలుగు మెట్లుగా ఉంటుంది. ఆ పేరు చూసి వేలి ఒత్తిడికి సంబంధించిందనుకుంటారుగానీ, కీలు కొట్టిన తరువాత ఎంతసేపటి వరకు తట్టడాన్ని పట్టించుకోకూడదన్నది కూడా అదే నిర్ణయిస్తుంది. విండోస్ 8.1 లో దాన్ని ఆలస్యం అనే మాటతోనే పిలిచేవారు. నా దృష్టిలో ఆ పేరే నయం. టైపు చేసేవారు ‘లో’ మెట్టు పెట్టుకోవాలి. ‘మోస్ట్ సెన్సిటివ్’ పెడితే ఆ కాపలా ఉండదు.

మౌస్ తగిలించి ఉన్నప్పటి సంగతి చెప్పే ఆ మొదటి గడి మీ లాప్‌టాప్‌లో కనిపించకపోతే, అందులోది ప్రిసిషన్ టచ్‌ప్యాడ్ కాదన్నమాట. ప్రిసిషన్ రకంలో వేళ్ళ కదలికను అర్థం చేసుకునే పని విండోస్ చేస్తుంది. అంతకు ముందటి రకంలో ఆ పనిని సినాప్టిక్స్, ఎలాన్, ఆల్ప్స్ వంటి తయారీదారుల డ్రైవర్లు, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్‌లు, చేసేవి, కనుక సెట్టింగు కూడా వాటి చేతిలోనే ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ‘మౌస్’ తెరిచి చివరి ట్యాబ్ చూడండి. యూఎస్‌బీ పాయింటింగ్ పరికరం తగిలించినప్పుడు లోపలిదాన్ని ఆపు అనే అర్థం వచ్చే గడి అక్కడ ఉంటుంది. ఇక్కడ తర్కం తిరగబడుతుందని గమనించండి: దీనికి టిక్కు పెట్టాలి. ఆ వాక్యంలో యూఎస్‌బీ అన్న మాట ఊరికే లేదు. ఈ పాత డ్రైవర్లు బ్లూటూత్ మౌస్‌ను చాలాసార్లు లెక్కలోకి తీసుకోవు. విండోస్ అప్‌డేట్ తరువాత ఆ ట్యాబే మాయమైతే, అసలు డ్రైవర్ స్థానంలోకి సాధారణ డ్రైవర్ వచ్చి ఉంటుంది. మీ లాప్‌టాప్ మోడల్ సంఖ్యతో తయారీ సంస్థ వెబ్‌సైట్‌నుంచే డ్రైవర్ దించుకోండి. డ్రైవర్లన్నీ ఒక్కచోట ఇస్తామనే ఇతర సైట్లకు వెళ్ళకండి. టచ్‌ప్యాడ్ కోసం వెళ్ళి వైరస్ తెచ్చుకున్నవారిని ఎరుగుదును.

కీబోర్డు పై వరుసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ ఉంటే, దాన్ని ఒక్కటిగానో ఎఫ్ఎన్ కీతో కలిపో నొక్కి ఎప్పటికప్పుడు ఆపుకోవచ్చు. ఏ కీ అన్నది కంపెనీని బట్టే కాదు, ఒకే కంపెనీలో మోడల్‌ను బట్టి కూడా మారుతుంది కనుక బొమ్మను చూసి గుర్తుపట్టడమే మార్గం. మౌస్‌ను బట్టి మారే తెలివి దీనికి లేదు. పొరపాటున చెయ్యి తగిలి ఆగిపోయినప్పుడు, చెడిపోయిందని దుకాణాలకు తిరిగేవారూ ఉన్నారు. హెచ్‌పీ వారి కొన్ని పాత లాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ ఎడమ పై మూలను రెండుసార్లు తడితే ఆగి, చిన్న దీపం వెలుగుతుంది. మళ్ళీ రెండుసార్లు తడితే పనిచేస్తుంది.

డివైస్ మేనేజర్‌లో టచ్‌ప్యాడ్‌ను ‘డిసేబుల్’ చేయమని కొందరు చెబుతారు. మీ అవసరానికి అది తగదు. అక్కడ టచ్‌ప్యాడూ మౌసూ ఒకే రకం పేరుతో కనిపించి, ఒకదానికి బదులు మరొకటి ఆపేసే ప్రమాదం ఉంది. అన్‌ఇన్‌స్టాల్ అయితే బొత్తిగా నిష్ఫలం, కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేయగానే విండోస్ దాన్ని తిరిగి తెచ్చిపెట్టుకుంటుంది. విండోస్ కంటే ముందు లేచే బయాస్ అనే మూల ప్రోగ్రామ్‌లో ఆపే వీలు కొన్ని మిషన్లలో ఉంటుంది. టచ్‌ప్యాడ్ పాడై తనంతట తాను క్లిక్కులు కొడుతున్నప్పుడు దాన్ని శాశ్వతంగా మూగబెట్టడానికి ఆ దారి వాడతాను, మరెప్పుడూ వాడను.

మీ అబ్బాయి దగ్గర మ్యాక్ ఉందని కూడా రాశారు. అందులో ఇది సులువు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘యాక్సెసిబిలిటీ’ కింద ‘పాయింటర్ కంట్రోల్’ తెరిస్తే, మౌస్ లేదా వైర్‌లెస్ ట్రాక్‌ప్యాడ్ ఉన్నప్పుడు లోపలి ట్రాక్‌ప్యాడ్‌ను పట్టించుకోవద్దనే మీట ఉంటుంది. అయితే పక్క గదిలో ఉన్న బ్లూటూత్ మౌస్ గోడ దాటి సంబంధం పెట్టుకుంటే కూడా ట్రాక్‌ప్యాడ్ మొద్దుబారిపోతుంది. అప్పుడు ఆ మౌస్ మీట ఆపితే చాలు.

లినక్స్ వాడే మీ మిత్రుని సంగతి. లినక్స్‌లో తెరను చూపించే ఏర్పాట్లలో ఒకటైన గ్నోమ్ డెస్క్‌టాప్ మామూలు సెట్టింగ్స్‌లో, ఈ విషయానికి వస్తే, టచ్‌ప్యాడ్‌ను ఆన్, ఆఫ్ చేసే మీట మాత్రమే కనబడుతుంది. మౌస్‌ను బట్టి ఆగే సదుపాయం లోపల ఉంది, కానీ పైకి పెట్టలేదు. డీకాన్ఫ్ ఎడిటర్ అనే ప్రోగ్రామ్ ఎక్కించుకొని, ఆర్గ్, గ్నోమ్, డెస్క్‌టాప్, పెరిఫెరల్స్, టచ్‌ప్యాడ్ అనే వరుసలో దిగి, ‘సెండ్ ఈవెంట్స్’ విలువను ‘డిసేబుల్డ్ ఆన్ ఎక్స్‌టర్నల్ మౌస్’ గా మార్చాలి. మార్పు వెంటనే అమలవుతుంది. అక్కడ కూడా రిసీవర్ ఉంటే మౌస్ ఉన్నట్టే.

చివరగా, ఏ మార్పు చేస్తుండగానైనా బాణం పూర్తిగా చేజారిపోతే కంగారుపడి మిషన్‌ను బలవంతంగా ఆపకండి. విండోస్ కీ నొక్కి, ఇంగ్లీషు కీబోర్డులోకి మారి, టచ్‌ప్యాడ్ అని టైపు చేసి ఎంటర్ కొడితే ఆ సెట్టింగ్స్ పేజీయే తెరుచుకుంటుంది. ట్యాబ్ కీతో ఒక్కొక్క గడి దాటుతూ వెళ్ళి, కావలసినదానిమీద స్పేస్‌బార్ నొక్కితే టిక్కు పడుతుంది, మళ్ళీ నొక్కితే పోతుంది. మీ లాప్‌టాప్‌లో అంకెల కీలు విడిగా ఉంటే, ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కి, అడిగినదానికి ఒప్పుకోండి. అప్పుడు అంకెల కీలతోనే బాణాన్ని నడపవచ్చు, అయిదు నొక్కితే క్లిక్కు పడుతుంది. ఈ రెండింటినీ మౌస్ చేతిలో ఉండగానే ఒకసారి ప్రయత్నించి చూసుకొని, ఆ తరువాత గడిలో టిక్కు తీయండి.